బడికి పోనని ఏడిస్తే తప్పు అమ్మదేనా?

పొద్దున ఏడున్నరకు మా వాడకట్టు మలుపులో స్కూలు బస్సు హారన్ కొడుతుంది. మావాడు ఆ బస్సెక్కడం మానేసి మూడేళ్లు దాటింది. అయినా ఆ హారన్ వినబడితే ఇప్పటికీ పొయ్యి దగ్గర నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మొన్న మా పక్క వాడకట్టు కోడలు, నన్ను అక్కా అని పిలిచే పిల్ల, వచ్చి కూర్చుంది. తన ఐదేళ్ల పాప బడికి పోనని రోజూ గేటు పట్టుకొని ఏడుస్తుందని చెబుతూ తనూ ఏడ్చింది. "అందరూ నన్నే అంటున్నరక్కా, నువ్వే గారాబం చేసి చెడగొట్టినవని" అంది. ఆ ఒక్క మాటకే ఇది రాయాలనిపించింది. ఆ మాట నేనూ పడ్డాను. పడటమే కాదు, చాన్నాళ్లు నేనూ నమ్మాను.

మాది పెద్దవంగర. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండలమైన ఊరు, అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. పత్తి, వరి, కొంచెం మిర్చి. పిల్లల చదువు దగ్గరికొస్తే మాత్రం అన్ని ఊళ్లలాగే మాకూ పచ్చబస్సు పిచ్చి. ఇంటి ముందు బస్సు ఆగితేనే పిల్లాడు చదువుతున్నట్టు లెక్క. మేమూ అలాగే వేశాం. జూన్‌లో మహిళా సంఘంలో లోను తీసుకొని సగం ఫీజు కట్టాను, మిగతాది పత్తి అమ్మాక కడతామని చెప్పాం.

అది 2022. మావాడు రెండో తరగతి. వీడి బ్యాచి పిల్లల గురించి ఒక ముచ్చట చెప్పాలి. 2020 మార్చిలో కరోనాకు బళ్లు మూసినప్పుడు వీడికి ఐదేళ్లు కూడా నిండలేదు. ఎల్కేజీ, యూకేజీ అంతా ఫోన్లోనే గడిచిపోయింది. మన రాష్ట్రంలో చిన్న తరగతులు మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. సంక్రాంతికి మళ్లీ మూసి, ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. పిల్లలు అంగన్‌వాడీలోనో నర్సరీలోనో నెమ్మదిగా నేర్చుకునే పనులు కొన్ని ఉంటాయి కదా, అమ్మ కనబడకపోయినా కూర్చోవడం, డబ్బా మూత తీసుకోవడం, పెద్దవాళ్లను ధైర్యంగా అడగడం, అవేవీ వీడికి జరగలేదు. నేరుగా ఒకటో తరగతిలో దిగాడు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. అక్షరాలు వచ్చాయా, ఎక్కాలు వచ్చాయా అనే చూసుకున్నాం.

సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది, సెలవులు అయిపోయాయి. బడి తెరిచిన రోజు పొద్దున "కడుపుల నొస్తుందమ్మా" అన్నాడు. సెలవుల్లో సకినాలు, గారెలు తిన్నాడు కదా, అదే అనుకున్నాను. వాము నీళ్లు పట్టాను. రెండో రోజూ అదే. మూడో రోజు వాంతి చేసుకున్నాడు. పది దాటితే మామూలుగా ఆడుకుంటాడు. ఆదివారం అసలు నొప్పే లేదు. సోమవారం మళ్లీ మొదలు. "నాటకాలు" అన్నారు మా ఆయన. నాటకమనే నాకూ అనిపించింది.

తొర్రూరులో పిల్లల డాక్టరుకు చూపించాం. రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు, ఏమీ లేదు. ఆయన ఒక మాటన్నారు: "రోగం లేదన్నాను గానీ నొప్పి లేదనలేదమ్మా." ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది. బడి అంటే భయపడే పిల్లలకు ఆ భయం ఎక్కువగా కడుపులోనో తలలోనో నొప్పిగా వస్తుందట. అమెరికాలో డాక్టర్లు 1941లోనే దీనికి ఒక పేరు పెట్టి రాశారు. బడి ఎగ్గొట్టి చెరువు గట్టున తిరిగే పిల్లాడు వేరు. వాడు ఇంట్లో తెలియకుండా పోతాడు, వాడికి భయం ఇంటిదే. బడికి పోనని అమ్మ కొంగు పట్టుకునే పిల్లాడు వేరు. వీడు మన కళ్లముందే ఉంటాడు, పోవాలని కూడా ఉంటుంది, కాళ్లు కదలవు. జపాన్‌లో ఏడాదికి ముప్ఫై రోజులు గానీ అంతకు మించి గానీ ఇలా బడికి పోలేని ఒకటి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడి ప్రభుత్వం లెక్కగడుతుంది. 2023-24లో ఆ లెక్క 3,46,482. అంతమంది తల్లులు గారాబం చేసి ఉంటారంటారా?

సరే, నేను చేసిన తప్పు చెప్పకుండా ఇవన్నీ చెబితే బాగుండదు.

మూడో వారంలో ఒక పొద్దున బస్సు వచ్చి ఆగింది. హారన్ మీద హారన్. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. వీడు మంచం కోడు పట్టుకొని వదలడం లేదు. నేను కొట్టాను. ఒకటి రెండు కాదు. వేళ్లు విడదీసి ఈడ్చుకుంటూ తీసుకెళ్లి బస్సులో పడేశాను. చొక్కా గుండీ తెగి నా చేతిలో ఉండిపోయింది. బస్సు కదిలాక "ఇట్లుండాలె, ఒక్కనాడు గట్టిగ జేస్తే దారికొస్తరు" అని ఒకావిడ మెచ్చుకుంది. చట్టం, 2009లో చేసిన విద్యాహక్కు చట్టం, పదిహేడో సెక్షన్ కింద బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. ఇంట్లో అమ్మ కొట్టే దెబ్బ సంగతి ఆ సెక్షన్‌లో లేదు. ఆ రాత్రి వాడు నా పక్కన పడుకోలేదు, అత్తమ్మ దగ్గర పడుకున్నాడు.

మర్నాటి నుంచి మా ఆయన ఇంకో దారి పట్టారు. "పోనీ, నాలుగు రోజులు ఇంట్ల ఉండనియ్యి, వానికే బుద్ధి పుడుతది" అని. చేతికి ఫోన్ ఇచ్చి పొలానికి పోయేవారు. వారం రోజులు వాడు హాయిగా ఉన్నాడు. ఎనిమిదో రోజు బడి పేరెత్తితే ముందుకంటే రెండింతలు ఏడ్చాడు. కొట్టి పంపడం ఎంత తప్పో, పోనీలే అని వదిలెయ్యడం కూడా అంతే తప్పని నేనంటాను. కొంతమందికి ఇది నచ్చదు. పిల్లాడు తనంతట తాను తయారయ్యేదాకా ఆగాలంటారు. కానీ ఇంట్లో గడిచిన ప్రతి రోజూ బడిని ఇంకొంచెం దూరం చేస్తుంది, నేను కళ్లారా చూశాను. ఇంట్లో ఉంటే కూడా బడి వేళకు లేవాలి, స్నానం చెయ్యాలి, బడి విడిచే వేళ దాకా ఫోనూ టీవీ ఉండకూడదు, పుస్తకం ముందేసుకొని కూర్చోవాలి. ఇల్లు పండగలా ఉంటే బడికి ఎవరు పోతారు, నేనైనా పోను.

అసలు సంగతి కనిపెట్టింది మా అత్తమ్మ. అవును, నువ్వే గారాబం చేసినవని పొద్దున మాపు నన్నన్న మా అత్తమ్మే. ఒకనాడు బియ్యం చెరుగుతూ "ఏమే, వాడు పొద్దుగాల నీళ్లు తాగుతలేడు, సూసినవా? ఛాయ్ గూడ ముడుతలేడు. బస్సు పోయిందంటే సాలు, చెంబెడు నీళ్లు గటగట తాగుతున్నడు" అంది.

నాకు ఒక్కసారి దసరా ముందటి రోజులు గుర్తొచ్చాయి. బడి నుంచి వాటర్ బాటిల్ నిండుగా తిరిగొచ్చేది. "నీళ్లు తాగవురా, ఎండకు పడిపోతావ్" అని తిట్టింది నేనే. ఆ సాయంత్రం స్నానం చేయిస్తూ, వీపు రుద్దుతూ, మొహం చూడకుండా అడిగాను: "బిడ్డా, బడిల ఒంటికి ఎప్పుడు పోతరు?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. ఇంటర్వెల్ అప్పుడే పోవాలట. మధ్యలో అడిగితే "ఇప్పుడే ఎందుకు, కూర్చో" అంటారట. ఇంటర్వెల్‌లో పెద్ద పిల్లలు తోసేస్తారట, తన వంతు వచ్చేసరికి బెల్లు కొడతారట. సెలవుల ముందు ఒకరోజు ఆగలేక క్లాసులోనే అయిపోయింది. ఆరేదాకా వరండాలో నిలబెట్టారు. పిల్లలు పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను.

ఆ నిక్కరు ఉతికింది నేనే. చెమట వాసన అనుకున్నాను.

ఇది చదువుతున్న మీలో ఎంతమందికి ఇది కొత్త? పెళ్లికో ఆసుపత్రికో హైదరాబాదు బస్సెక్కాలంటే ముందురోజు నుంచే నీళ్లు తగ్గించే వాళ్లం మనం. పత్తి ఏరడానికి పోతే సాయంత్రం దాకా బిగబట్టుకునే వాళ్లం. పెద్ద తరగతుల ఆడపిల్లలు నెలకు మూడు రోజులు బడి మానేస్తే ఎందుకో అడగకుండానే అర్థం చేసుకునే వాళ్లం. మరి ఏడేళ్ల మగపిల్లాడి విషయంలో ఆ ఆలోచన నాకు ఎందుకు రాలేదు? వాడికి చెప్పడానికి సిగ్గు, నాకు అడగడానికి తీరిక లేదు. అంతే.

బడికి పోయి అడిగాను. క్లాసు టీచరు నాకంటే పదేళ్లు చిన్న పిల్ల. నలభై మందికి పైగా పిల్లలు, ఆయా ఒక్కతే. "ఒకరికి పర్మిషన్ ఇస్తే పది మంది లేస్తరు మేడం" అంది. ఆ రోజు ముచ్చట ఆమెకు గుర్తు కూడా లేదు. చెప్పాక మొహం వాడిపోయింది. చెడ్డమనిషి కాదు. నలభై మందిలో వాడి మొహం చూసే తీరిక ఆమెకూ లేదు, ఒక్కడే ఉన్న నాకే లేకపోయింది మరి. ఇకమీదట ఎప్పుడడిగినా పంపుతానంది. హమ్మయ్య, కారణం దొరికింది, తీరిపోయింది అనుకొని ఇంటికొచ్చాను.

తీరలేదు. మర్నాడు మళ్లీ కడుపునొప్పి, మళ్లీ వాంతి.

పత్రికల్లో వచ్చే సలహాల్లో ఇది ఎవరూ రాయరు. కారణం కనుక్కోండి, అంతా సర్దుకుంటుంది అన్నట్టు రాస్తారు. కారణం పోయినా భయం పోదు. కుక్క కరిచిన సందులో ఆ కుక్క చచ్చిపోయిందని తెలిసినా మన అడుగు తడబడుతుంది కదా, అలాగన్నమాట. ఆ సందులో ఎవరో ఒకరు మన చెయ్యి పట్టుకొని రోజూ కొంచెం దూరం నడిపించాలి. అందుకే బడిని ఒకటి అడిగాను. బస్సులో కాకుండా మేమే బండి మీద దింపుతాం, మొదటి వారం రెండు గంటలు ఉంచండి, రెండో వారం మధ్యాహ్నం దాకా, తర్వాత పూర్తిగా అని. ఆఫీసులో కుదరదన్నారు. మిగతా పిల్లలకు అలవాటవుతుందట.

అప్పుడు మా ఊరి ప్రభుత్వ బడి సంగతి ఎత్తాను. ఇంట్లో యుద్ధమే అయింది. "సర్కారు బడిల ఏస్తవా? నలుగురు ఏమనుకుంటరు?" అని మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కట్టిన ఫీజు నీళ్లపాలని బాధ, మా బావగారి పిల్లలు అదే బస్సులో పోతుంటే మావాడు దిగిపోతాడని నామోషీ. ఇంగ్లీషు మీడియం పోతుందన్నారు. ఆ యేడే, 2022-23లోనే, ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బళ్లలోనూ ఇంగ్లీషు మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీషు, అని ఎదురింటి పాప పుస్తకం తెచ్చి చూపించాను. నేను అప్పటిదాకా మా ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడింది లేదు. చివరికి మా మామయ్య, ఎప్పుడూ కల్పించుకోని మనిషి, "వాడు నవ్వక నెలాయె. ముందుగాల వాన్ని నవ్వనియ్యుండ్రి" అని లేచి పోయారు. మాకు బమ్మెర దగ్గరే. పోతన చెప్పిన ప్రహ్లాదుడి కథ వినకుండా పెరిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. కొడుకు మనసులో ఏముందో వినని తండ్రి కథ అది. మామయ్య అంత దూరం అనలేదు గానీ మా ఆయనకు తగలాల్సింది తగిలింది.

టీసీ కోసం వారం తిప్పారు. ఇది తోటి తల్లులు తెలుసుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం, ఇంకో బడికి మారతామని అడిగితే టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి పిల్లాణ్ని చేర్చుకోకుండా ఉండకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. మా ఊరి సారుకు ఇది తెలుసు. "టీసీ నిదానంగా తేండి, పిల్లాన్ని రేపు తీసుకరాండి" అన్నారు. నేను అడగబోయే గంటల లెక్క ఆయనే ముందు చెప్పారు. మొదటి రోజు ప్రార్థన, ఒక కథ, అంతే. నేను వరండాలో కూర్చున్నాను. మొట్టమొదట వాడికి ఏం చూపించారో తెలుసా? బాత్‌రూము. "అడగనక్కర లేదు, చెయ్యెత్తి చూపి పో" అన్నారు. నాలుగో రోజుకు మధ్యాహ్న భోజనం దాకా ఉన్నాడు, ఆ రోజు గుడ్డు పెట్టే రోజు కావడం మా అదృష్టం. పూర్తి రోజు ఉండటానికి దాదాపు నెల పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోయాడు. అన్నీ సినిమాలో లాగా జరగలేదు.

సర్కారు బడి మందు, ప్రైవేటు బడి జబ్బు అని నేననడం లేదు. మా బావగారి అమ్మాయి ఆ పచ్చబస్సులోనే ఎగురుకుంటూ పోతుంది. మా బళ్లో కూడా నల్లాలో నీళ్లు రాని రోజులున్నాయి, సారు సెలవు పెడితే రెండు తరగతులు కలిపి కూర్చోబెట్టిన రోజులున్నాయి. మావాడికి పనికొచ్చింది ఒకటే, ఇంటి నుంచి నడిచిపోయే దూరం, వాడి మొహం తెలిసిన మనిషి.

మా అత్తమ్మ వాళ్ల కాలంలో బడికి పోనన్న పిల్లాడికి ముల్లుకర్ర ఇచ్చి బర్రెల వెంట తోలేవాళ్లట. సమస్య అక్కడితో అయిపోయేది, చదువు కూడా. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ తరఫున అలాంటి పిల్లలను వెనక్కి బడికి తెచ్చిన శాంతా సిన్హా గారి గురించి చదివాను. 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ల పని మొత్తం ఒక నమ్మకం మీద నడిచింది. పేద తల్లిదండ్రులకు కూడా పిల్లల్ని చదివించాలనే ఉంటుంది, అడ్డం పడేవి వేరే ఉంటాయి, వాటిని తియ్యాలి అని. మన ఇళ్లలోని చిన్న అడ్డంకులకూ అది పనికొస్తుంది. పిల్లాడు పోనన్నాడంటే అడ్డం ఏముందో చూడాలి. చూపు సరిగా లేదేమో, బోర్డు కనబడటం లేదేమో. చదవడం రాక సిగ్గుపడుతున్నాడేమో. బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో. ముట్టుకోకూడని చోట ఎవరైనా ముట్టుకుంటున్నారేమో, ఇది కూడా అడగాలి, నోరు రాకపోయినా అడగాలి. ఇంట్లో మొగుడూ పెళ్లాల గొడవ చూసి, తను బడికి పోతే అమ్మకు ఏమవుతుందోనని భయపడి ఇంట్లో ఉండిపోయే పిల్లలూ ఉంటారు.

కానీ పిల్లాడు తిండీ నిద్రా మానేసినా, చచ్చిపోతా అన్నట్టు మాట్లాడినా ఇవేవీ చూసుకుంటూ కూర్చోవద్దు. టెలిమానస్ అని 14416 నంబరు ఉంది, 2022 అక్టోబరులోనే మొదలైంది, పైసలక్కర లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా పిల్లల్ని హింసిస్తుంటే 1098.

ఆ రోజుల్లో మా ఆడబిడ్డ నాకు 'రైలుబడి' పుస్తకం ఇచ్చింది. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి సంగతులు రాసుకున్నది. ఆ అమ్మాయిని ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేస్తారు. కొత్త బడికి పోతే అక్కడి హెడ్‌మాస్టర్ కొబయాషి గారు ఎదురుగా కూర్చొని ఆ పిల్ల చెప్పే కబుర్లన్నీ నాలుగు గంటలు వింటారు. అందరూ ఆ నాలుగు గంటల గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ అమ్మ గుర్తుండిపోయింది. నిన్ను బడి నుంచి తీసేశారని కూతురికి ఇరవై ఏళ్లు వచ్చేదాకా చెప్పలేదట ఆవిడ. నేనేమో బస్సు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, సంఘం మీటింగులో, వాడు పక్కనే ఉండగా, "మావాడు బడికి పోతలేడు, ఏం జెయ్యాలె" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. బడిలో ఒక పేరు పెట్టారు, ఊళ్లో ఇంకో పేరు నేనే పెట్టాను.

ఆ చెల్లెకు ఇదే చెప్పాను. పాప వినేటట్టు ఎవరికీ చెప్పకు. ఐస్‌క్రీమ్ కొనిస్తానని బండెక్కించి బడి ముందు దింపకు, ఒక్కసారి అబద్ధం పట్టుబడితే తర్వాత నువ్వు చెప్పే నిజం కూడా నమ్మదు. ఎన్ని గంటలకు వస్తానన్నావో ఆ గంటకు గేటు దగ్గర ఉండు. నువ్వొక్కదానివే మొయ్యకు, దింపే పని వాళ్ల నాయిన కూడా చెయ్యాలి. అది విని నవ్వింది. "ఆయన లేచేదే తొమ్మిదికి అక్కా." ఇక దానికి నా దగ్గర జవాబు లేదు.

మావాడిది ఇప్పుడు ఐదో తరగతి. సోమవారాలు ఇంకా కొంచెం మెత్తగానే ఉంటాడు, ఛాయ్ మాత్రం తాగే పోతాడు. జూన్‌లో ఆరో తరగతికి హైస్కూలుకు పోవాలి. దాని గురించి అడగడం అప్పుడే మొదలుపెట్టాడు, ఎంతమంది ఉంటారు, ఏ క్లాసు ఎక్కడ, బాత్‌రూములు ఏ పక్కకు అని. నాకు తెలియదు, పోయి చూద్దాం పా అన్నాను. పోయిన ఆదివారం సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. గేటుకు తాళం ఉంది. కడ్డీల మధ్య మొహం పెట్టి చాలాసేపు చూశాడు.

"నల్లా ఉందమ్మా" అన్నాడు. "రెండున్నయ్."